వైండింగు లచ్చవ్వ అడిగిన ప్రశ్న

అమీర్‌పేట నుంచి బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోయే దారిలో, ఒక సందు మొదట్లో ఫ్యాన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. బోర్డు మీద పేరు పర్శరాములుది. లోపల ముక్కాలిపీట మీద కూర్చుని రాగి తీగ చుట్టేది మాత్రం ఆయన భార్య లచ్చవ్వ. ఫ్యాన్లు విప్పడం, బిగించడం, వచ్చినవాళ్ళతో ముచ్చట పెట్టడం పర్శరాములు వంతు. "ఆమెకు తీగ చుట్టుడొస్తది, నాకు మాట చుట్టుడొస్తది. దుకాణం నడవాల్నంటే రెండూ గావాలె" అంటాడాయన, అడిగినా అడక్కపోయినా.

లచ్చవ్వది సిరిసిల్ల. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. దారం ఎక్కడ వదులైందో, ఎక్కడ బిగుసుకుందో కళ్ళు మూసుకున్నా ఆమె వేలికొసకు తెలిసేది. పెళ్ళయ్యాక అక్కడి సాంచాలు, అంటే మరమగ్గాలు, మూతపడి, మొగుడూ పెళ్ళాలు పట్నం వచ్చారు. పర్శరాములు ఒక మోటార్ల దుకాణంలో పనికి కుదిరాడు. ఒకరోజు కాలిన ఫ్యాన్ ఒకటి ఇంటికి తెచ్చుకుని, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తీగతో కుస్తీ పట్టి చిక్కులు చేశాడు. లచ్చవ్వ బియ్యం కడిగిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "ఇటియ్యి. గిది కండె చుట్టుడే గదా, దారం బదులు తీగ" అంది. ఆ ఫ్యాన్ తిరిగింది. ఆ మాటకు ఇరవై ఆరేళ్ళయింది.

చదివింది ఐదో తరగతి. కానీ ఆమెకు ఒక అలవాటుంది. తెలియనిదాన్ని తెలియనట్టు వదిలెయ్యలేదు. అమీర్‌పేటలో కోచింగ్ పిల్లలకు కరువా! టేబుల్ ఫ్యాన్ పట్టుకుని ఎవరొచ్చినా, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని అడిగేది. ఎలక్ట్రికల్ అన్నారో, ఇక దొరికిపోయినట్టే.

"రెండు తీగలుంటయ్ గద. ఒకదాంట్ల కరెంటొస్తది, ఇంకోదాంట్ల తిరిగిపోతది అంటరు. ఎంతొచ్చిందో అంత పోతదట. మరి మనం వాడుకున్నదేంది?"

పిల్లలు తడుముకునేవారు. కొందరు ఏదో ఫార్ములా అప్పజెప్పేవారు. కొందరు నవ్వేసి ఫ్యాన్ తీసుకుని పోయేవారు. లచ్చవ్వ కోపగించుకునేది కాదు. ఇంకొకరు రాకపోతారా అని తీగ అందుకునేది.

అలా ఒక వేసవి ఉదయం పాడైన టేబుల్ ఫ్యాన్ పట్టుకుని అచ్యుతరావు వచ్చాడు. కాకినాడ వైపు మనిషి. ముప్పై ఏళ్ళు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరై, మధురానగర్‌లో ఉంటున్నాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలకు బేసిక్ ప్రశ్నలు చెబుతున్నాడు. ఓమ్స్ లా అంటే ఏంటి, ఎర్తింగ్ ఎందుకు, ఫ్యూజ్ ఏ తీగకు వేస్తారు, ఇలాంటివి రెండు వందల ప్రశ్నలు ఆయన నోటి మీద ఉన్నాయి. ఆ సంగతి పర్శరాములు రెండు నిమిషాల్లో రాబట్టి, "లచ్చవ్వా, సారు కరెంటు సారేనట!" అని కేకేశాడు.

లచ్చవ్వ తన ప్రశ్న అడిగింది.

అచ్యుతరావు చిరునవ్వు నవ్వాడు. "మంచి ప్రశ్నండీ లచ్చవ్వగారూ. మనం కరెంటు వాడుకోం. శక్తిని వాడుకుంటాం."

'అవ్వ' తర్వాత 'గారు' వినేసరికి లచ్చవ్వకు నవ్వాగలేదు. నవ్వు ఆపుకుని అంది, "గట్లనా సారూ. మరి గా శక్తి తీగల ఏడుంటది? పోయేటప్పుడు ఉండి వచ్చేటప్పుడు లేకుంటే, రెండింటికి ఏదో ఒక ఫరక్ ఉండాలె గద?"

ఆయన రెండు వందల ప్రశ్నల్లో ఇది లేదు. తల గోక్కుని, "రేపొచ్చి చెప్తానండీ" అని ఫ్యాన్ ఇవ్వడం కూడా మరిచిపోయి దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రేపు కాదు, మూడో రోజున వచ్చాడు. నోటు పుస్తకం కూడా తెచ్చాడు. పైన ట్యాంకు, కింద చక్రం, నీళ్ళు పడితే చక్రం తిరగడం, బొమ్మ చక్కగా గీశాడు. నీరెంత పడిందో అంతా కిందికి పోతుంది, కానీ ఎత్తు తగ్గింది, ఆ ఎత్తే మనం వాడుకున్నది అని వివరించాడు.

లచ్చవ్వ బొమ్మను శ్రద్ధగా చూసింది. "మంచిగనే ఉంది గాని, పైపు కోస్తే నీళ్ళు కారిపోతయ్ సారూ. తీగ కోస్తే కరెంటు కారది. ఆగిపోతది."

పర్శరాములు పకపకా నవ్వాడు. అచ్యుతరావుకు కోపం రాలేదు సరికదా, ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. లచ్చవ్వ మాత్రం చేతిలో తీగ పట్టుకుని ఎటో చూస్తోంది. కాసేపటికి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది.

"మా సిరిసిల్లల సాంచాలకు మోటరు నుంచి బెల్టుండేది. పోయిన బెల్టు పోయినట్టే తిరిగొస్తది. జానెడు సుత తగ్గది. కానీ బట్ట నేస్తది. అంటే బెల్టు ఖర్చు గాలె. గుంజుడు ఖర్చయింది. పోయే దిక్కు ఒక తీరు గుంజుతది, వచ్చే దిక్కు ఒక తీరు. గంతేనా సారూ?"

"అంతే! గుంజుడు! దాన్నే మేం వోల్టేజి అంటాం!" అచ్యుతరావు ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు.

ఆ తర్వాత ఆయన క్లాసు అవగానే దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. లచ్చవ్వ ప్రశ్న వేసేది, ఆయన పాత ఫ్యాన్ అట్టపెట్టె మీద బొమ్మలు గీసేవాడు. "తిరిగొచ్చే తీగ తెగితే ఏమైతది?" అని ఆమె ఒకరోజు అడిగింది. ఒక ఫేజు మీదున్న ఇల్లయితే అన్నీ ఆగిపోతాయన్నాడు. పెద్ద బిల్డింగుకు మూడు ఫేజులొస్తాయి, ఒక్కో అంతస్తుకు ఒకటి ఇస్తారు, అందరికీ తిరుగుదారి మాత్రం ఒక్కటే, దాన్నే న్యూట్రల్ అంటారు. "అది తెగిందనుకోండి, కరెంటు ఆగదు. ఒక అంతస్తులోంచి ఇంకో అంతస్తులోకి దారి చూసుకుంటుంది. ఎక్కువ సామాను నడిచేచోట గుంజుడు తగ్గిపోతుంది. తక్కువ నడిచేచోట పెరిగిపోతుంది. అక్కడివి కాలిపోతాయి." లచ్చవ్వ ఆ అట్టముక్కను చింపి, గోడకు గుచ్చి పెట్టుకుంది.

ఆషాఢం వచ్చింది. బోనాల డప్పులు మొదలయ్యే రోజుల్లో, మధురానగర్‌లోని ఒక అమ్మాయిల హాస్టల్ వార్డెన్ వసుమతి ఆటోలో ఫ్యాన్ వేసుకుని వచ్చింది. మనిషి మంచిదే. ఆ రోజు మాత్రం ముఖం చిటపటలాడుతోంది.

"ఏంటండీ ఇది లచ్చవ్వగారూ! మీరు వైండింగ్ చేసి మూడు వారాలు కాలేదు, మళ్ళీ కాలిపోయింది. పదిహేను రోజుల్లో ఇది నాలుగో ఫ్యాన్. అమ్మాయిలు నా ప్రాణం తీస్తున్నారు. చేస్తే సరిగ్గా చెయ్యండి, లేకపోతే లేదని చెప్పండి."

లచ్చవ్వ ప్రాణం చివుక్కుమంది. ఇరవై ఆరేళ్ళలో ఆమె చేతిపనికి ఎవరూ వంక పెట్టలేదు. పర్శరాములు లేచి, "మేడమ్, మా ఆమె చుట్టిన తీగ..." అని గొంతు పెంచాడు. లచ్చవ్వ చెయ్యెత్తి ఆపింది.

"మాటలెందుకయ్యా. ఇప్పి సూద్దం."

ఫ్యాన్ విప్పారు. లోపల తీగంతా బొగ్గులా నల్లబడి ఉంది. లచ్చవ్వ దాన్ని వెలుగులోకి తిప్పి తిప్పి చూసింది. చుట్టడంలో తప్పుంటే ఒకచోట తీగకు తీగ తగిలి, ఆ జాగ ముందు నల్లబడుతుంది, మిగతాది ఎర్రగానే ఉంటుంది. ఇది అలా లేదు. చుట్టూరా ఒకే తీరుగా మాడింది.

"మేడమ్, గీ నాలుగు ఫ్యాన్లు ఏ అంతస్తువి?"

"అన్నీ రెండో అంతస్తువే."

"మరి కింద?"

"కింద వంటగది, గీజర్లు, ఇస్త్రీ పెట్టెలు. అక్కడ కాలిపోవడం లేదు గానీ, పొద్దున పూట లైట్లు మసకేస్తాయి. ఫ్యాన్లు నీరసంగా తిరుగుతాయి. అయినా దీనికీ దానికీ ఏంటి సంబంధం?"

లచ్చవ్వ గోడకున్న అట్టముక్క వైపు చూసింది. "మేడమ్, నా తీగ తప్పు గాదనిపిస్తుంది. మీ బిల్డింగుల న్యూట్రల్ వదులైందో ఏమో. జర సూపియ్యుండ్రి" అంది, గొంతు తగ్గించి.

"మా ఎలక్ట్రీషియన్ చూశాడు. అంతా బాగానే ఉందన్నాడు" అని వసుమతి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం లచ్చవ్వకు అన్నం సయించలేదు. ఐదో తరగతి చదివినదాన్ని, ఒక బిల్డింగు వైరింగుకు పేరు పెట్టేంతదాన్నా అని ఒక మనసు. అమ్మాయిలు ఆ గదుల్లోనే ఉంటున్నారు కదా, ఏదన్నా అంటుకుంటే ఎట్లా అని ఇంకో మనసు. రెండో మనసే గెలిచింది. అచ్యుతరావుకు ఫోన్ చేసింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, గీజర్లూ ఇస్త్రీ పెట్టెలూ జోరుగా నడిచే వేళకు, ఇద్దరూ హాస్టల్‌కు వెళ్ళారు. ఆయన చేతిలో వోల్టేజి కొలిచే మీటరు. వసుమతి ఇష్టం లేకపోయినా తలుపు తీసి, ఎలక్ట్రీషియన్ మొగిలయ్యను పిలిపించింది. అతను లచ్చవ్వను ఎగాదిగా చూశాడు.

"ఫ్యాన్ చుట్టే అక్క ఇప్పుడు బిల్డింగ్ సుత చూస్తదా?"

లచ్చవ్వ మెట్లెక్కింది. రెండో అంతస్తు మెట్ల దగ్గరే ఆగిపోయింది. వరండాలో ఫ్యాన్ తిరుగుతోంది. ఆ చప్పుడు ఆమె చెవికి తెలుసు. తిరగాల్సినదానికంటే గట్టిగా, రోషంగా రొద పెడుతోంది.

"సారూ, గీడ చూడుండ్రి ముందు."

అచ్యుతరావు ప్లగ్గులో మీటరు పెట్టాడు. మూడు వందల పది వోల్టులు; ఉండాల్సింది రెండు వందల ముప్పై. గబగబా కిందికి దిగి అక్కడ చూశాడు. నూట అరవై. "మెయిన్ ఆపెయ్యండి! ముందు మెయిన్ ఆపండి!" అని అరిచాడు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆ గొంతు ఎవరూ విని ఉండరు.

మొగిలయ్య పరుగెత్తి మెయిన్ దించాడు. పెట్టె మూత తీసి న్యూట్రల్ బిగించే చోటు చూపించాడు. మర వదులై, తీగ కొస నల్లగా మాడి, పక్కనున్న ప్లాస్టిక్ కరిగి జారి ఉంది.

"రూములల్లనే చూసిన అక్కా. గీడ చూడాలని నాకు తట్టలే. తప్పు నాదే" అన్నాడు మొగిలయ్య, నిజాయితీగా. అప్పటికప్పుడు కొత్త సామాను తెచ్చి, మాడిన ముక్క కోసేసి గట్టిగా బిగించాడు. మళ్ళీ మెయిన్ ఎత్తాక మీటరు పైనా కిందా రెండు వందల ముప్పై దగ్గర నిలిచింది. వరండా ఫ్యాన్ మెత్తగా తిరిగింది.

వసుమతి లచ్చవ్వ రెండు చేతులూ పట్టుకుంది. "నోరు జారానండీ. ఏమనుకోకండి."

"అయ్యో, గంత మాటెందుకు మేడమ్. మీ ఫికర్ మీది. ఆ ఫ్యాన్ పంపుండ్రి, మళ్ళ చుడుత" అంది లచ్చవ్వ. అంతకంటే ఎక్కువ మాట్లాడితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా ఉన్నాయి.

తిరిగొచ్చే దారిలో అచ్యుతరావు లచ్చవ్వ పక్కనే నడిచాడు. ఎల్లమ్మ గుడి దగ్గర పందిళ్ళు వేస్తున్నారు. అక్కడ ఆగి అన్నాడు, "న్యూట్రల్ తెగిన లెక్కని బోర్డు మీద కొన్ని వందలసార్లు చేయించి ఉంటానండీ. కాలిన తీగను చూసి ఇది ఫలానా అని చెప్పడం నాకు చేతకాదు. మా పిల్లలకీ చేతకాదు. మీరొకసారి మా క్లాసుకి రావాలి."

"నేనా? నేనేం చెప్త సారూ!"

"చెప్పక్కర్లేదు. మీరు మమ్మల్ని అడిగినట్టే వాళ్ళని అడగండి. చాలు."

బోనాలు అయిపోయిన మరుసటి వారం లచ్చవ్వ వెళ్ళింది. పర్శరాములు దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెంట వచ్చాడు. మూడో అంతస్తులో ఇరుకు గది, నలభై మంది పిల్లలు. లచ్చవ్వ సంచీలోంచి రెండు కాలిన ఫ్యాన్ చుట్లు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి ఒకచోటే మాడింది, ఒకటి అంతటా మాడింది. "రెండూ ఎందుకు కాలినయో చెప్పుండ్రి బిడ్డా" అంది. ఒక్కొక్కరే లేచి వచ్చి, చేత్తో పట్టుకుని, వాసన చూసి, ఒకరితో ఒకరు వాదించుకోవడం మొదలుపెట్టారు. గంటసేపు ఆ గదిలో గోల గోల. వెనక బెంచీలో కూర్చున్న పర్శరాములు, పక్కనున్న అబ్బాయితో, "మా ఆమె" అని నాలుగుసార్లు చెప్పాడు.

చివర్లో హైందవి అనే అమ్మాయి లేచి అడిగింది. "అవ్వా, తీగ చుట్లు ఎక్కువేస్తే ఫ్యాన్ స్పీడ్ పెరుగుతుందా, తగ్గుతుందా?"

"తగ్గుతది."

"ఎందుకు?"

లచ్చవ్వ చేతులు చూసుకుంది. ఎన్నోసార్లు చుట్టి చూసింది, ప్రతిసారీ తగ్గింది. కానీ ఎందుకో ఏనాడూ అడగలేదు. అన్నీ అడిగే తను ఆ ఒక్కటి ఎట్లా మరిచిపోయిందో!

"గది నాకు సుత తెల్వదు బిడ్డా" అని నవ్వేసి, ముందు బెంచీలో ఆ అమ్మాయి పక్కన జరిగి కూర్చుంది. "ఒక కాయితం, పెన్నియ్యి. సారు చెప్తడు, రాసుకుంట."

అచ్యుతరావు బోర్డు తుడిచి, సుద్దముక్క అందుకున్నాడు.