నాగమ్మాళ్ చెయ్యి ఎందుకు ముందు పడుతుంది

వరుసగా రెండు పేకముక్కలు ఒకే అంకెవి పడితే, ముందు అరచేత్తో కొట్టినవాళ్లకే కుప్పంతా. పీలమేడులోని ఆ ఇంట్లో ఆదివారమంతా అరుపులే, గోళ్ల గీతలే. గెలిచేది మాత్రం అరవై ఎనిమిదేళ్ల నాగమ్మాళ్. ముప్పై ఏళ్లు మిల్లులో తెగిన నూలు అతికిన చేతులవి.

"నువ్వు దొంగాట ఆడతావవ్వా!" అంటూ ఆరేళ్ల మనుమరాలు తేన్మొళి ఆమె చేతిని గిల్లింది.

"నీ చెయ్యి నిద్రపోతా ఉండాది, కణ్ణూ!"

కోడలు లోకేశ్వరి ఆ వేళ ఆట మానేసి గమనించింది. అత్త ముక్కలను చూడటమే లేదు. పాప భుజం కదిలితే చాలు, ఆమె చెయ్యి ముందు పడుతోంది. లోకేశ్వరి ఒక ముక్క ఎత్తి చూపించింది.

"ఇదేమి అంకె, అత్తా?"

నాగమ్మాళ్ నవ్వు ఆగిపోయింది. "మసగ్గా ఉండాది. ఆరు నెలలాయె. చెప్తే పాపను నాతో పంపుతావా?"

లోకేశ్వరి ముక్కను కింద పడేసింది. రోజూ పాపను బస్సుల మధ్య పెద్ద రోడ్డు దాటించి బడికి తీసుకెళ్లేది ఈమే.

"అయ్యో! మరి రోడ్డెట్ల దాటతా ఉండారు?"

తేన్మొళి కుప్పను ఒళ్లోకి లాక్కుంది. "బస్సు పోయినాక నేనే 'రా అవ్వా' అంటా కదమ్మా."