నీళ్ళ గుల్వెన్ ముందొచ్చిన రోజు

మా ఊరు ప్లూవెలెన్‌లో గుల్వెన్ అనే పేరు చాలామందికే ఉంది. అందుకే ఇతన్ని నీళ్ళ గుల్వెన్ అనేవాళ్ళం. పని సైకిల్ తొక్కడమే, కానీ గెలవడానికి కాదు. ఫ్రాన్స్ చుట్టూ జరిగే ఆ పెద్ద పందెంలో మాసెలిస్ అనే మొనగాడి జట్టువాడు. వెనకొచ్చే జట్టు కారు దాకా జారి, నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకుని, మళ్ళీ గుంపునంతా దాటుకుంటూ పోయి మాసెలిస్‌కి అందించాలి. ఏళ్ళ తరబడి అదే పని.

మాసెలిస్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఏడాది కొండల్లోనే అందర్నీ ఊదేశాడు. మిగతావాళ్ళంతా రెండో స్థానం కోసం కొట్టుకుంటున్నారు.

గుల్వెన్ నాన్న జోబ్ ఆర్టిచోక్ అనే కూరగాయ పంట వేస్తాడు, నోరు మాత్రం మిరప పంట. నా బారులో ఎవరైనా "మీవాడు ఎన్నోవాడొచ్చాడు బాబాయ్?" అంటే, "వెనకనించి లెక్కపెట్టు, తొందరగా దొరుకుతాడు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. గుల్వెన్ కూడా నవ్వేవాడు గానీ, ఓసారి గ్లాసు కింద పెట్టి నాతో అన్నాడు: "అక్కా, ఒక్కసారి నేను ముందుండగా నాన్న చూడాలి. అంతే, ఆ తర్వాత మానేసినా బాధలేదు."

ఆ ఏడాది పందెం మా ఊరి మీదుగానే వేశారు. పందెం ఎవరి ఊరి మీదుగా పోతే ఆ ఊరివాణ్ణి కాసేపు ముందు వదలడం వాళ్ళలో మర్యాద. వాడొచ్చి ఇంటివాళ్ళని ముద్దుపెట్టుకుని, గుంపు రాగానే కలిసిపోతాడు. కానీ మాసెలిస్‌కి తన ముందు ఈగ ఎగిరినా పడదు. పోయినేడు ఒకడు అత్తగారి ఊళ్ళో ముందు పోతుంటే ఉండబట్టలేక తరిమి పట్టుకున్నాడట. మావాణ్ణి వదులుతాడా అని ఊరంతా గుబులు.

వదిలాడు. చర్చి మలుపులో గుల్వెన్ ఒక్కడే కనిపించాడు. నేను బారు వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తాను. వాళ్ళమ్మ బుగ్గలు నాలుగుసార్లు ముద్దుపెట్టుకుని, తిరిగి జోబ్ ముందు నిలబడ్డాడు. జోబ్ నెత్తిన ఆదివారం టోపీ, కాళ్ళకి పొలం బురద.

"నాన్నా, ఇవాళ ముందు నేనే."

జోబ్ కొడుకుని చూడలేదు. వాడి వెనక ఖాళీ రోడ్డు చూశాడు. "మీ మాసెలిస్ ఏడి?"

"వస్తున్నాడు."

"ఎండ చూశావా? నువ్విక్కడుంటే ఆయనకి నీళ్ళెవరిస్తారు?"

జనం గొల్లున నవ్వారు. గుల్వెన్ మొహం వాడిపోయింది. నాకు ఒళ్ళు మండింది. "బాబాయ్, ఒక్కపూటైనా బిడ్డని మెచ్చుకుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"మెచ్చుకునేదేంటే? పశువుల కొట్టంలో రేడియో పెట్టుకుని వింటున్నా ఇన్నేళ్ళూ. వాడి పేరు ఒక్కసారీ చెప్పరు. ఆ మాసెలిస్ కొండెక్కాడంటే మావాడు ఈలోపు ఎన్నిసార్లు దిగి ఎక్కాడో నాకు తెలుసు. ఇవాళ పని మానేసి ముద్దులు పెట్టుకుంటున్నాడు." అలా అంటూనే సైకిల్ మీది సీసాలు లాక్కుని ఇంట్లోకి పోయాడు. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో సొంత పీపాలోని ఆపిల్ కల్లు నింపుకొచ్చాడు. "నీళ్ళు దాహానికి. ఇది కొండకి."

గుల్వెన్ సీసాలు పట్టుకుని అలా నిలబడిపోయాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఈలోపు గుంపు వచ్చేసింది, ముందు మాసెలిస్. గుల్వెన్ సైకిలెక్కి, అతని పక్కనే తొక్కుతూ సీసా అందించాడు. కంగారులో కల్లు సీసాయే వెళ్ళింది. మాసెలిస్ ఒక గుక్క తాగి, దగ్గి, సీసా వంక చూసి, మిగతాదంతా తాగేశాడు. ఆ మనిషి నవ్వడం మేమెవరమూ అంతకుముందు చూడలేదు.

ఆఖరిరోజు బారంతా రేడియో చుట్టూ మూగింది. మాసెలిస్ గెలిచాడు, రెండోవాడు ఎక్కడో వెనక. జోబ్ కౌంటర్ దగ్గర టోపీ తీసి పెట్టాడు. నా నోరు ఊరుకోదుగా. "మీవాడు ఎన్నోవాడు బాబాయ్?" అన్నాను.

"అవన్నీ రేడియోని అడుగు," అన్నాడు జోబ్. "మేం గెలిచాం."