కంట్రోల్ మళ్లకు రెండేసి బిందెలు

దేముడమ్మకు యాభై నాలుగేళ్లు. అందులో పంతొమ్మిదేళ్లు అనకాపల్లి అవతల ఆ పరిశోధన పొలంలోనే వంగి గడిచిపోయాయి. రోజుకూలీ మనిషి. సాయంత్రం నాలుగింటికి నడుం పట్టుకుని ఆటో కోసం రోడ్డు మీద నిలబడితే, ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. ఎందరు సైంటిస్టులు, ఎన్ని ప్రాజెక్టులు వచ్చి పోయాయో ఆమెకు గుర్తు లేదు. ప్రాజెక్టు అన్న మాటకి ఆమెకి తెలిసిన అర్థం ఒకటే. అది ఉన్నన్నాళ్లు పని ఉంటుంది, అయిపోతే మళ్లీ పిలుపు వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి.

ఆఖరుది త్రినాధరావు గారి ప్రాజెక్టు. మంచి మనిషే గాని మాట తక్కువ, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నవాడిలా నేలచూపులు. వాన మొహం చాటేసిన ఏడు చోడి, అదే రాగి, పంటను ఎలా నిలబెట్టాలా అన్నది ఆయన బెంగ. ఇక్కడి రైతులు చెరకు నరికాక ఎండాకుని తగలబెట్టేస్తారు. దాన్నే తెచ్చి చోడి మొక్కల మధ్య పరిస్తే నేలలో తడి ఆరదని ఆయన నమ్మకం. నమ్మకానికి ఎవడూ డబ్బివ్వడు కదా, రుజువు కావాలి. ఎక్కడో ఉన్న ఒక ట్రస్టు మూడేళ్లకి డబ్బిచ్చింది. మంచమంతేసి మళ్లు పన్నెండు. ఆరింటికి ఆకు కప్పాలి, ఆరింటిని పోల్చి చూడ్డానికి ఉత్తినే వదిలెయ్యాలి, వాన తప్ప దేనికీ నీరుండదు. తేడా గట్టిగా కనబడితే ఇంకో ఐదేళ్లు డబ్బొస్తుంది, నాతవరం వైపు మెట్ట రైతుల పొలాలకీ ఈ పద్ధతి వెళుతుంది. కనబడకపోతే అంతటితో సరి.

ఇదంతా ఆయన బుర్రలో ఉంది. కూలీలకి చెప్పింది మాత్రం రెండు ముక్కలు. "ఆకు మళ్లకి చుక్క నీరు పెట్టకండి. మిగతావి కంట్రోల్." కంట్రోల్ అన్న ఆ మాటే బోర్డుల మీద రాయించి పాతించి, తన గదిలోకి వెళ్లిపోయారు.

"కంట్రోలంటే ఏటి?" అని దేముడమ్మ పైడిరాజుని అడిగింది. పైడిరాజు ట్రాక్టరు నడుపుతాడు. అతనికి తెలియని సంగతి జిల్లాలో లేదు, అడిగితే చాలు.

"ఓలప్పా, కంట్రోల్ బియ్యం తెల్దేటి నీకు? ఇయ్యి కోటా ఇచ్చే మళ్లు. ఆటికి ఆకుంది. ఈటికేటుంది పాపం?"

దేముడమ్మకి నిజమే అనిపించింది. ఊహ తెలిసిన దగ్గర్నించీ కంట్రోల్ షాపు రేషను బియ్యంతో పెరిగిన ఒళ్లు. లేనివాళ్లకి ఇంతని కొలిచి ఇచ్చేదే కంట్రోల్, ఇంక అందులో అడగడానికేముంది? ప్రతి శనివారం, సారు విశాఖపట్నం వెళ్లాక, బోరు తొట్టిలో ముంచి మడికి రెండేసి బిందెలు పోసింది. ఆకులు వాలిపోయి చూడలేకపోయినా మూడో బిందె పొయ్యలేదు. కోటా కోటాయే. మూడు పంటలు అలాగే మోసింది. మోకాళ్లు అరిగాయి గాని, ఒక్క వారమైనా తప్పలేదు.

మూడో ఏడు పంట తూకాలు చూసుకుని ట్రస్టువాళ్లు ఇద్దరు వచ్చారు, కాగితాలు తిరగేశారు, టీ తాగి వెళ్లిపోయారు. వారం తర్వాత త్రినాధరావు గారు కూలీలందర్నీ షెడ్డులోకి పిలిచారు.

"ఆకు మళ్లకీ కంట్రోల్ మళ్లకీ దిగుబడిలో తేడా లేదు. ఇంక డబ్బివ్వరు. నెలాఖరుకి పని ఆపేస్తున్నాం." ఆగి, తనలో తాను అన్నట్టు, "ఆకూ చుక్క నీరూ లేకుండా ఆ కంట్రోల్ మళ్లెలా పండాయో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు" అన్నారు.

దేముడమ్మకి తను పోసిన బిందెలు గుర్తొచ్చాయి. పైడిరాజు వైపు చూస్తే అతను ట్రాక్టరు టైరు చూసుకుంటున్నాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెప్తే ఇంకే ప్రాజెక్టుకీ పిలవరేమో. రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడోరోజు ఆయన గది గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

"బాబూ, ఆ మళ్లకి నీళ్లు నానే పోసేను. కంట్రోల్ అన్నారు గదా, కోటా ఇయ్యాలనుకున్నాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "తప్పు నాదమ్మా" అన్నారు. "మూడేళ్లు బోర్డు పాతించాను గాని, దాని అర్థం ఇదీ అని మీకు చెప్పలేదు." నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మాటకి దేముడమ్మకి ఏడుపొచ్చింది.

ఆయన ఉన్నట్టుండి తలెత్తారు. "ఎన్ని పోసేవు?"

"మడికి రెండు బిందెలు. శనివారం శనివారం."

"ఎప్పుడైనా ఎక్కువ పోసేవా?"

"కంట్రోల్లో ఎక్కువ ఎవులిత్తారు బాబూ?"

"తక్కువ?"

"నానేమన్నా డీలర్నా?"

ఆయన నవ్వలేదు. షెడ్డులో బిందె తెప్పించి, నీళ్లు కొలిచి, కాగితం మీద గబగబా రాసుకున్నారు. ఆకు కప్పిన మడీ, వారానికి రెండు బిందెలు తాగిన మడీ సమానంగా పండాయంటే, ఆకు ఆదా చేసింది అన్ని నీళ్లన్నమాట. ఇంత మంచి లెక్క తనకే తట్టలేదన్నారు. ఆ రాత్రి దేముడమ్మ కడుపునిండా తింది. ఆయన ట్రస్టుకి పెద్ద ఉత్తరం రాశారు.

మూడు వారాలకి జవాబొచ్చింది. ఆయన ఆమెను కూర్చోబెట్టి తెలుగులో చెప్పారు. "ఆ నీళ్ల కొలతకి ఆధారం ఏమిటని అడుగుతున్నారు. రిజిస్టరు గాని, మీటరు గాని."

"మోసింది నానే గద బాబూ. నా మాట సాలదా?"

"చాలదమ్మా."

దేముడమ్మ మోకాళ్ల మీద చేతులు ఆన్చి మెల్లగా లేచింది.

"మళ్లీ ప్రాజెక్టొత్తే రాసేవోల్ని ఒకర్ని నా కూడా పెట్టండి బాబూ. నాకు మొయ్యడమే వచ్చు."