బాపు పడవెక్కిన ఆదివారం

మా బాపు కరీంనగర్‌లో నీటిపారుదల ఆఫీసు గుమాస్తా. మానేరు డ్యాం కట్టేటప్పుడు ఆయన మోసినవి ఫైళ్లే అయినా, కట్ట మీద నిలబడి మాట్లాడితే మాత్రం రాళ్లు కూడా ఆయనే మోశాడేమో అనిపించేది.

ఎనభైల చివర్లో మాకు షికారంటే ఆ కట్టే. టికెట్టు లేదు, గాలి కావలసినంత. అవ్వ, అంటే మా అమ్మ, డబ్బాలో సర్వపిండి పెట్టుకొచ్చేది. నేనూ తమ్ముడూ మర్మరాల పొట్లం కోసం దారిలో ఒకసారి ఏడ్చేవాళ్లం. కట్ట మీదకు చేరగానే బాపు నీళ్లు ఎటు నుంచి వస్తాయో, ఏ కాలువలో పడి ఎటు పోతాయో చెప్పేవాడు. ప్రతి ఆదివారం అవి అటే వచ్చి అటే పోయేవి. ఎప్పుడైనా విసుగు పుడితే జింకల పార్కుకు వెళ్లేవాళ్లం. జింకల గురించి ఆయనకేమీ తెలియదు కాబట్టి అక్కడి నుంచి తొందరగా ఇల్లు చేరేవాళ్లం.

అవ్వది చెన్నూరు. గోదావరి పక్కన పెరిగిన మనిషి. పెళ్లయ్యాక పడవ ఎక్కిందే లేదు. ఒక ఆదివారం కట్ట చివర, చేపలు పట్టే ముసలాయన ఒకడు పడవను ఒడ్డుకు లాగి వల విదిలిస్తున్నాడు. అవ్వ కాసేపు చూసి, ఒకసారి ఎక్కుదామంది. పిల్లలు చిన్నోళ్లన్నాడు బాపు. గాలి ఎక్కువుందన్నాడు. ఆఫీసు పర్మిషన్ కావాలన్నాడు.

అవ్వ అన్నీ విని మెల్లగా అంది: "నీకు భయమైతే ఒడ్డు మీద కూసో. మేం పోయొస్తం."

పక్కనే మర్మరాలు అమ్మే ఆమె నవ్వింది. ఆమె నవ్వకపోతే బాపు పడవ ఎక్కేవాడే కాదు.

ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. జేబు తడుస్తుందేమోనని మళ్లీ చేతికే పెట్టుకున్నాడు. పడవలో సరిగ్గా నడిమధ్యన, తడి వల మీద కూర్చుని, రెండు చేతులా రెండు అంచులూ పట్టుకున్నాడు. ఎవరూ కదలొద్దని మాకు చెప్పాడు. తమ్ముడు తుమ్మితే, పడవకు బొక్క పొడిచినవాణ్ని చూసినట్టు చూశాడు.

కొంత దూరం పోయాక నిజంగానే గాలి లేచింది. పడవ పక్కకు తిరిగిపోతుంటే ముసలాయన బాపుతో అన్నాడు: "సారూ, జర గా రెండో తెడ్డు అందుకో."

"నేను గిది ఇడిస్తే ఎట్ల?"

"గది పడవే సారూ. నువ్వు పట్టుకోకున్నా ఉంటది."

బాపు వదల్లేదు. అవ్వ కొంగు నడుముకు చెక్కుకుని తానే తెడ్డు అందుకుంది. నాలుగుసార్లు తెడ్డు వేసేసరికి పడవ దారికొచ్చింది. ఏ ఊరు బిడ్డా అని ముసలాయన అడిగాడు. అక్కడి నుంచి వాళ్లిద్దరూ గోదావరి చేపల ముచ్చట్లలో పడ్డారు. ఇంట్లో అవ్వ అంత నిటారుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అదే అదను అనుకుని తమ్ముడు, ఇక్కడ ఎంత లోతుంటది బాపూ అని అడిగాడు. ఆ లెక్క బాపుకు నోటికి వచ్చు.

"గిప్పుడు గది అడుగకు" అన్నాడు కళ్లు మూసుకుని.

ఒడ్డు కనిపించగానే, పడవ ఆగకముందే దూకేశాడు. మోకాళ్ల లోతే ఉంది. అయినా మునిగిపోతున్నాననుకుని చేతులు కొట్టుకుంటూ నీళ్లలో కూలబడ్డాడు. కూర్చున్నాక నీళ్లు ఛాతీ దాకానే వచ్చాయని ఆయనకే తెలిసింది. అవ్వ తెడ్డు మీద తల ఆనించి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. కొంతసేపటికి బాపు కూడా నవ్వాడు, నీళ్లలోంచి లేవకుండానే. ముసలాయన పైసలు వద్దన్నాడు. అవ్వ సర్వపిండి డబ్బా మొత్తం ఆయన చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చాక బాపు పక్కింటాయనకు, గాలికి పిల్లలు భయపడితే తాను ధైర్యం చెప్పానని వివరించాడు. అవ్వ కాదనలేదు. పొడి లుంగీ తెచ్చి ఇచ్చింది.

తరువాతి ఆదివారం, పోయిరా అని బాపే అన్నాడు. అవ్వ తమ్ముణ్ని తీసుకుని పడవెక్కింది. నేను బాపుకు తోడుగా ఒడ్డున ఉండిపోయాను. పడవ తిరిగొచ్చేదాకా ఆయన నీళ్ల మీది నుంచి చూపు తిప్పలేదు. పడవ ఒడ్డుకు తగలగానే, ఎందాక పోయినవని అవ్వను అడిగాడు.

"గా గుట్ట దాకా."

"వచ్చే వారం గంత దూరం పోకు" అన్నాడు, ఆమె దిగడానికి చెయ్యందిస్తూ.