తలుపు మూయడం నేర్పిన దర్శకుడు

మేం వలసొచ్చిన దేశంలో, మనురేవా అనే పేటలో నేను పనిచేసిన వృద్ధుల హోమ్‌లో, మతిమరుపు వాళ్లుండే వైపుకి ఒకటే తలుపు. నాలుగంకెల కోడ్ నొక్కితేనే తెరుచుకుంటుంది. చేరిన మొదటివారం అక్కడే ఒక పెద్దాయన నన్ను ఆపి, "నువ్వు తలుపు తప్పుగా మూస్తున్నావు" అన్నారు.

నాకు చిర్రెత్తింది. పొద్దున్నించి ఎనిమిదిమందికి స్నానాలు చేయించి ఉన్నాను. తలుపు మూయడంలో కూడా తప్పుంటుందా?

"మూసేటప్పుడు నా మొహం చూస్తున్నావు. నిజమైన కాపలావాడు చూడడు. చూస్తే మర్నాడు పనికి రాలేడు."

ఆయన చలిసముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న యూరప్ దేశంలో పేరున్న నటుడు, దర్శకుడు. వెడల్పాటి దవడ చూసి మొదటి సినిమాలో జైలు కాపలావాడి వేషం ఇచ్చారట. అది బాగా ఆడింది. ఇక ఆ దేశంలో ఎవరికి కాపలావాడు కావాల్సివచ్చినా ఈయన్నే పిలిచారు. మన సినిమాల్లో మాత్రం? ఒకసారి జడ్జి కుర్చీలో కూర్చున్నవాడు జుట్టు నెరిసేదాకా అందులోంచి లేవడు. ఈయన విసుగెత్తి దర్శకుడయ్యారు. మూడు సినిమాలు తీశారు. రెండోది నచ్చక ప్రభుత్వం దాన్ని డబ్బాల్లో పెట్టి తాళం వేసింది. తాళం తీసేసరికి అందులో హీరోగా వేసిన కుర్రాడు తాతయ్యాడు. మూడోదాంట్లో ఒక్క షాట్ మిగిలిపోయింది. ఒక ముసలాయన సముద్రం దాకా నడిచి, వెనక్కి తిరిగి చూడాలి. ఆ వేషం వేస్తున్న నటుడు మధ్యలోనే పోయాడు.

"ఇప్పుడు నాకే ఆ వయసొచ్చింది. సముద్రం ఇక్కడికి ఎంత దూరం?" అని అడిగారు.

కారులో పదిహేను నిమిషాలు అన్నాను. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.

ఆయన్ని బయటికి తీసుకెళ్లాలంటే బోటనీ డౌన్స్‌లో ఉండే కూతురి సంతకం కావాలి. ఆమె దగ్గరున్నప్పుడు ఆయన ఒకసారి ఒంటరిగా నడుచుకుంటూ కార్లు దూసుకుపోయే మోటర్‌వే ఎక్కేశారట. ఆ భయంతోనే ఇక్కడ చేర్చింది. నచ్చజెప్పి అడిగితే ఒప్పుకునేదేమో. కానీ అడగడమంటే మేనేజర్ దాకా పోవడం, నలుగురి నోళ్లలో పడడం. మా ఆయన ఐటీ ఉద్యోగం పోయాక ఇంటిల్లిపాదీ నా వీసా మీద వేలాడుతున్నాం. ఆ వీసా ఈ హోమ్‌కి కట్టేసి ఉంది. ఇక్కడే స్థిరపడేందుకు ఇచ్చే రెసిడెన్సీకి మేనేజర్ ఉత్తరం రాయాలి. సంగతి చెబితే మా ఆయన, "ఆ ముసిలాయన జోలి నీకెందుకు? రెసిడెన్సీ వచ్చేదాకా కండ్లు మూసుకోని పని చేస్కో" అన్నాడు. టకానినిలో మా అద్దె ఇంట్లో ఈ మాట రోజుకోసారి ఏదో ఒక రూపంలో వినిపించేది.

కాబట్టి నేను ఆయనతో, "రేపు పోదాం అంకుల్" అన్నాను.

మా కడప ఇళ్లల్లో పెద్దవాళ్లకి మొహం మీద కుదరదని చెప్పం. మా జేజి కాశీకి తీసుకుపొమ్మంటే కొడుకైన మా నాయన పదేళ్లపాటు "వచ్చే నెల పోదాంలేమ్మా" అన్నాడు. పోయేది లేదని ఆమెకీ తెలుసు. అదొక మర్యాద. పైగా ఈయనకి మధ్యాహ్నం తిన్నది సాయంత్రానికి గుర్తుండదు. రేపటికి ఏం గుర్తుంటుందిలే అనుకున్నాను.

"ఎన్నింటికి?" అన్నారు.

నా డ్యూటీ మొదలయ్యేది ఏడింటికి. "ఏడింటికి" అన్నాను.

మర్నాడు ఏడింటికి నేను వెళ్లేసరికి ఆయన తలుపు దగ్గర ఉన్నారు. గడ్డం గీసుకుని, కోటు వేసుకుని, బూట్ల లేసులు కట్టుకుని. ఆరింటి నుంచీ అలాగే నిలబడ్డారట. నటుడు గంట ముందే సిద్ధంగా ఉండాలట. చేతిలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. షూటింగ్ ముందురోజు ఎవరెక్కడికి ఎన్నింటికి రావాలో రాసుకోవడం ఆయనకి యాభై ఏళ్ల అలవాటు. రేపు, ఏడింటికి, సముద్రం. నటుడు: నేను. నిర్మాత: నీలం యూనిఫాం ఆమె.

ఆయన మరిచిపోతారనుకున్నాను. రాసుకుంటారనుకోలేదు.

"ఇవాళ వెలుతురు బాగాలేదు అంకుల్" అనేశాను. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆయన కిటికీలోంచి మబ్బుల్ని చాలాసేపు చూసి, నిజమేనని తలూపి కోటు విప్పేశారు.

"రేపు?"

"రేపు."

అప్పటినుంచీ రోజూ అదే. వాన పడితే నా పని సులువు. ఎండ కాస్తే కెమెరా పాడైందనేదాన్ని, డ్రైవర్ రాలేదనేదాన్ని. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. అబద్ధం అలవాటయ్యేకొద్దీ నాకు ఆయన మీదే కోపం రావడం మొదలైంది. ఈ మనిషి ఒక్కరోజు ఆలస్యంగా లేవచ్చు కదా అనిపించేది. టకానినిలో రైలెక్కి మనురేవాలో దిగేసరికి ఆరోజుకి ఏ సాకు చెప్పాలో సిద్ధం చేసుకునేదాన్ని. సిగ్గుగా ఉండేది. అయినా చెప్పేదాన్ని. తలుపు మూసేటప్పుడు మాత్రం మొహం చూడకుండా ఉండలేకపోయేదాన్ని. "మళ్లీ చూశావు" అని ఆయన లోపలినుంచి నవ్వేవారు.

ఏడాదిన్నర తర్వాత రెసిడెన్సీ వచ్చింది. మా ఆయన మైసూరుపాక్ తెచ్చాడు. మా పాప నన్ను వాటేసుకుని, ఇంగ్లీషులోనే ఏడ్చింది. వారం తిరక్కుండా బోటనీలో ఒక క్లినిక్‌లో ఉద్యోగం దొరికింది. హోమ్‌కి నోటీసు ఇచ్చాను. ఇక నన్నెవరూ ఏమీ చేయలేరు. ఆయన కూతురికి ఫోన్ చేయడానికి నాకు రెండు వారాలు టైముంది. ఇవాళ చేస్తాను, రేపు చేస్తాను అనుకున్నాను. ఏడాదిన్నరగా ఏం చేస్తున్నావని ఆమె అడుగుతుందని భయపడి చేయనేలేదు.

చివరిరోజు పొద్దున ఆకాశంలో మబ్బుతునక లేదు. గాలి కూడా లేదు.

"ఇవాళ వెలుతురు బాగుంది" అన్నారు ఆయన, కోటు గుండీలు సర్దుకుంటూ.

నేను భుజం పట్టుకుని టిఫిన్ బల్ల దగ్గరికి నడిపించాను. ఆయన కోటు విప్పకుండానే తిన్నారు. మధ్యాహ్నం మూడింటికి నా డ్యూటీ అయిపోయింది. బ్యాగు తీసుకుని తలుపు దగ్గరికి వస్తే, అదే కోటుతో నా వెనకే వచ్చారు. నోటుపుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, "రేపు ఎన్నింటికి?" అని అడిగారు.

"ఏడింటికి అంకుల్" అన్నాను.

ఆయన రాసుకున్నారు. నేను కోడ్ నొక్కి బయటికి వచ్చాను. నేలమీది కార్పెట్‌నే చూస్తూ తలుపు లాగాను. అది పూర్తిగా పడకముందే వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఇవాళ సరిగ్గా మూశావు."