ఒక పోగు తక్కువ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, తొలకరి వానలకు, భద్రాచలం అడవి అంచున ఒక ఊళ్లో ఎద్దు చచ్చిపోయిందని కబురొచ్చింది. నేను పశువుల డాక్టరుగా చేరి ఏడాది కాలేదు. నా నోరు పెద్దదని అప్పటికే ఆఫీసులో పేరు.

ముందురోజు సాయంత్రం దాకా దున్నిన ఎద్దట. నా మోపెడ్ ఆగేసరికే కోసి, టేకాకుల్లో ఇంటికో పోగు పంచేశారు. అక్కడ ఏ గడపనూ వదలరు.

ఎద్దు యజమాని నన్ను పొదల వెనక పడేసిన తల దగ్గరికి తీసుకెళ్లాడు. ముక్కులోంచి నల్లటి రక్తం ఇంకా కారుతోంది, గడ్డకట్టలేదు. దొమ్మ రోగం, ఆంత్రాక్స్! మాంసం ముట్టుకున్న మనిషికీ అంటుకుంటుంది, ప్రాణం తీస్తుంది. గ్లవ్స్ వేసుకుని రక్తం చుక్క గాజుపలక మీదికి తీసుకున్నాను. ల్యాబు తేల్చేదాకా ఆగితే ఊరంతా తినేస్తుంది.

"ఎవ్వరు తినొద్దు! మొత్తం పాతిపెట్టాలె!" అని అరుచుకుంటూ ఊళ్లోకి వచ్చాను.

"ఉడకబెడితే ఏమైతది మేడమ్?" అన్నాడు యజమాని.

ఆయన బొటనవేలికి కత్తి గాటు కనబడింది. "కోసినప్పుడే నీకు అంటి ఉంటది. జల్దీ దవాఖానకు పో."

ఆయన ముఖం పాలిపోయింది. భార్య ఘొల్లుమంది. అప్పుడు కదిలింది ఊరు. గొయ్యి తవ్వారు, పోగులన్నీ వెనక్కి తెచ్చారు. పంచిన పెద్దమనిషి గోతిలోకి చూసి, "ఒక పోగు తక్కువున్నది" అన్నాడు.

నాకు పిచ్చెక్కింది. ఇల్లిల్లూ తిరిగాను, కుండల మూతలు ఎత్తాను. పోలీసులను పిలుస్తానన్నాను. "మేం దొంగలమా?" అని ఒకామె గుమ్మానికి అడ్డం నిలబడితే ఆమెను తోసుకుని లోపలికి వెళ్లాను. ఎక్కడా లేదు.

యజమాని భార్య కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "అది నీదే మేడమ్. నువ్వు రాంగనే నీ బండికి పెట్టిన. ఏడుపుల యాది మరిచిన. ఊర్లకొచ్చినోళ్లను ఉత్తచేతులతోని ఎట్ల పంపుతం?"

మోపెడ్‌కు తగిలించిన నా సంచీలో, టిఫిన్ డబ్బా పక్కన, ఆకుల పొట్లం. పైన కాసిని పచ్చిమిరపకాయలు కూడా పెట్టింది. సంచీతో సహా గోతిలో వేసి, నా చేత్తోనే సున్నం చల్లాను.

ల్యాబు కూడా దొమ్మేనంది. యజమాని సూదులు వేయించుకుని కోలుకున్నాడు. ఆ ఊరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. అప్పట్లో రోజూ ఇంటి ముందు బండి ఆగగానే, ఏం తెచ్చావమ్మా అంటూ, మా పాప ఆ సంచీలోనే చెయ్యి పెట్టేది.