తిరిగే సీటు, అడిగే మావయ్య

మా మావయ్య ఖాళీ సీటును అనుమతి అడగకుండా కూర్చోడు. పక్కనున్న మనిషిని కాదు, ఆ ఖాళీ సీటునే అడుగుతాడు. ముందు చేతులు కట్టుకుని కాస్త వంగుతాడు. "కూర్చోవచ్చా అండీ?" అంటాడు. రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలేంత సేపు ఆగుతాడు. ఒక్కోసారి "థాంక్సండీ" అని కూర్చుంటాడు. ఒక్కోసారి "పర్లేదు, పర్లేదు, ఉండండి" అని పక్కకు జరిగిపోతాడు. ఈ రెండో రకంతోనే మాకు చచ్చే చావు.

ఒకసారి సినిమా హాల్లో తన టికెట్టు నంబరున్న సీటు దగ్గరికి వెళ్లి, "అయ్యో, లేవకండి" అనేసి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ సీటుకి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఇంటర్వెల్ దాకా ఆగలేదు. ఇంకోసారి పళ్ల డాక్టరు లోపలికి పిలిస్తే, "ముందు వీరిది చూసేయండి డాక్టర్ గారూ, నాకు తొందరేం లేదు" అని ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ చూపించాడు. ఆ పూట డాక్టరు ఎవరి పన్నూ పీకకుండా ఇంటికి వెళ్లిపోయాడట. మా ఆయనైతే పెళ్లయి తొమ్మిదేళ్లయినా మావయ్య ఇంట్లో నుంచునే టీ తాగుతాడు.

ఇలాంటి మనిషికి దేవుడు ఇచ్చిన వృత్తి ఏమిటయ్యా అంటే, సీట్లు బిగించడం. పాత వ్యాన్లలో మంచం, పొయ్యి, సింకు, అలమరా అమర్చి చక్రాల మీద నడిచే ఇళ్లుగా మార్చే షెడ్డు మాది. వెల్డింగు, వైరింగు నావి. సీట్లన్నీ మావయ్యవి. విప్పేసిన పాత సీట్లను ఆయన పారేయడు. షెడ్డు వెనక గోడ పొడుగునా, పాలిథీన్ కవర్లు కప్పి, అన్నింటినీ తలుపు వైపే తిప్పి వరసగా పెడతాడు. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ముసుగులు వేసుకున్న ముప్పై మంది మన కోసమే కాచుకుని కూర్చున్నట్టు ఉంటుంది. గాలి వీస్తే అందరూ ఒకేసారి ఊపిరి తీస్తారు. నేను దయ్యాలను నమ్మను. కానీ ఆ షట్టర్ మాత్రం మావయ్య వచ్చాకే ఎత్తిస్తాను.

ఒక సోమవారం, ముసురు పట్టి పగలే లైట్లు వేసుకున్న వేళ, ఒక మోటర్‌హోమ్ వచ్చి షెడ్డులో ఆగింది. నడిపినాయన తాళం తిప్పి ఉండగానే కిందికి దూకాడు. దారంతా సీటు మీద న్యూస్‌పేపర్ పరుచుకుని మరీ కూర్చున్నాడట. వెనక తలుపులోంచి అరవై దాటిన ఆవిడ నెమ్మదిగా దిగింది. ఆవిడకు అతను తమ్ముడు.

అతను దిగి తలుపు వేశాడో లేదో, లోపల గంట మొదలైంది. టింగ్, టింగ్, టింగ్. సీట్లో మనిషి బరువు ఉండి, బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట అది. సీట్లో మాత్రం ఎవరూ లేరు.

"చూశారా? ఇది ఇంటి దగ్గర నుంచీ ఇంతే. నేను దిగితే మోగుతుంది. ఎక్కి బెల్టు పెట్టుకుంటే ఊరుకుంటుంది. నేనిక ఎక్కను బాబూ" అన్నాడు తమ్ముడు.

మావయ్య తలుపు తీసి, చేతులు కట్టుకుని వంగాడు. "బెల్టు పెట్టుకోండి సార్" అంటూ ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి క్లిప్పు నొక్కాడు. గంట ఆగిపోయింది.

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ మాత్రం మావయ్యను తేరిపార చూసి, "ఆయన ఎప్పుడూ అంతే, చెబితే గానీ బెల్టు పెట్టుకోరు" అంది.

ఆయన అంటే ఆవిడ భర్త. పోయి ఎనిమిది నెలలైంది. బతికినన్నాళ్లూ పెద్ద బళ్లు తోలిన డ్రైవరు. రిటైరయ్యాక ఈ బండి కొని, ఆవిడను ఎక్కించుకుని ఊళ్లు తిరిగాడు. బండి ఆపినా ఆయన డ్రైవరు సీటు వదిలేవాడు కాదట. రోడ్డు వైపు చూస్తూ అక్కడే కూర్చునేవాడు. ఆవిడ వెనకాల పొయ్యి దగ్గర టీ పెట్టి, భుజం మీదుగా అందించేది.

"ముప్పై ఎనిమిదేళ్లు ఆయన వీపుతో కాపురం చేశానండీ. ఈ బండి కొన్నాక ఆ వీపుకీ కళ్లొచ్చాయి. తల తిప్పకుండానే 'డబ్బా పడుతుంది, పట్టుకో' అనేవారు. అన్న మరుక్షణం పడేది. నాకు ఒళ్లు జలదరించేది" అంది ఆవిడ.

తర్వాత మంచం కింద నుంచి ఒక అట్టపెట్టె తీసింది. సీటుకీ దాని దిమ్మకీ మధ్య బిగించే గుండ్రటి ఇనుప పలక అందులో ఉంది. అది బిగిస్తే, బండి ఆగాక డ్రైవరు సీటును ఇంటి వైపు తిప్పుకోవచ్చు. ఆయన చివరగా కొన్న వస్తువు అదే. 'ఇక నీ వైపు తిరిగి కూర్చుంటానులే' అన్నాడట. పెట్టె సీలు కూడా విప్పకుండానే పోయాడు.

"శుక్రవారం ఒకాయన వచ్చి ఈ బండి కొనుక్కుపోతాడు. ఈలోగా ఇది బిగించాలి" అంది.

"అమ్మేసే బండికి ఇదెందుకక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఆయన అన్న మాట ఉంది కదరా."

"అమ్మడం నీకిష్టమేనా అసలు? నీకు లైసెన్సు ఉంది. బావే నేర్పారు."

"ఆ సీట్లో నేనెలా కూర్చోనురా? ఎక్కబోతే కాళ్లు చల్లబడిపోతున్నాయి" అని ఆవిడ మొహం తిప్పుకుంది. అమ్మితే ప్రాణం పోతుంది, ఎక్కితే గుండె ఆగుతుంది. అదీ ఆవిడ పరిస్థితి.

మావయ్య పని మొదలుపెట్టాడు. బ్యాటరీ తీగ విప్పాక, సీటులో ఉండే ఎయిర్‌బ్యాగ్ పేలకుండా కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో ఆయన స్టూలు లాక్కుని, ఆ స్టూలును కూడా అడిగి, దాని మీద కూర్చుని సీటుతో కబుర్లు పెట్టుకున్నాడు.

"సార్, మీరు కాస్త ఎడమకు ఒరిగి కూర్చునేవారా? స్పాంజి అటే అణిగింది."

సీటు పలకలేదు. వెనక నుంచి ఆవిడ పలికింది. "నడుము నొప్పి. చెప్పేవారు కాదు."

"ఎంత ఎత్తుంటారు సార్ మీరు?"

"నా తల ఆయన భుజానికి వచ్చేది" అంది ఆవిడ, రెండడుగులు ముందుకొచ్చి.

"ఇక్కడ కూర్చుని ఏం చూసేవారు సార్?"

"రోడ్డు. ఇంకేముంది చూడ్డానికి?" అంది ఆవిడ కాస్త నిష్ఠూరంగా.

మావయ్య అనుమతి అడిగి ఎక్కి కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. తల ఒకసారి పైకెత్తాడు, దించాడు. మొహం ఎలాగో అయిపోయింది. దిగి వచ్చి నాతో ఒక్క ముక్కే అన్నాడు. "ఈ పలక వేస్తే సీటు రెండంగుళాలు లేస్తుంది. కింద ఇనుప దిమ్మ రెండంగుళాలు తగ్గించు. కళ్లు ఉన్నచోటే ఉండాలి."

"ఎవరి కళ్లు మావయ్యా?"

"చెప్పిన పని చెయ్యవే."

సీటు బోల్టుల్లో మూడు ఊడి వచ్చాయి. నాలుగోది నేను బరువంతా వేసినా కదల్లేదు. "వదలండి సార్" అన్నాడు మావయ్య. వదల్లేదు. "ఆయనను బలవంతం చేస్తే వినరు. కాసేపు వదిలేయండి" అంది ఆవిడ. వేసిన నూనె నానిందో, మరేం జరిగిందో గానీ, టీ తాగి వచ్చేసరికి ఆ బోల్టు వేళ్లతో తిరిగింది. నేను గట్టిగా దగ్గి ఆ సంగతి మర్చిపోయాను.

సీటు లేపగానే గంట రహస్యం బయటపడింది. బరువును కనిపెట్టే పలుచటి పట్టీ మీద ఒక పెన్ను ఇరుక్కుపోయి, దాన్ని అదేపనిగా నొక్కుతోంది. నా ధైర్యం నాకు తిరిగొచ్చింది. పెన్నుతో పాటు గుప్పెడు చాక్లెట్ కాగితాలు కూడా దొరికాయి. వాటిని చూసి ఆవిడ కళ్లెర్రజేసింది.

"షుగరు మనిషి! డాక్టరు ఒట్టు వేయించుకున్నాడు! ఎప్పుడు తిన్నారండీ ఇవన్నీ? నేను వెనకే ఉన్నాను కదా!" అని సీటును నిలదీసింది. సీటు తప్పు చేసినట్టే పక్కకు ఒరిగి ఉంది.

మంగళవారమంతా దిమ్మ కోసి, అతికాను. మావయ్య కొలిచి, గోరంత తేడా ఉందని మళ్లీ కోయించాడు. శుక్రవారానికి ఎవరి పాలో కాబోయే బండికి ఇంత చాదస్తమేమిటని తిట్టుకుంటూనే కోశాను. బుధవారం పలక బిగించాం. తిప్పుతుంటే హ్యాండ్‌బ్రేక్ అడ్డొస్తే దాన్నీ కిందికి దించాం. సీటు తిప్పి చూసి, రోడ్డు వైపే పెట్టి షట్టర్ దించాం. నా కళ్లతో నేను చూశాను, సీటు రోడ్డు వైపే ఉంది.

గురువారం పొద్దున ఆవిడ మాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. షట్టర్ ఎత్తాం. ముసుగుల వాళ్లంతా ఊపిరి తీశారు. ఆవిడ వెళ్లి మోటర్‌హోమ్ పక్క తలుపు తీసింది, అక్కడే ఆగిపోయింది.

డ్రైవరు సీటు ఇంటి వైపు తిరిగి ఉంది. పొయ్యి వైపు, తలుపు వైపు, సరిగ్గా ఆవిడ వైపు. ఎడమకు అణిగిన ఆ గుంటతో, ఖాళీగా.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాన చినుకులు రేకుల మీద పడుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"ఇప్పుడు తీరిందా?" అంది ఆవిడ. నడుం మీద చెయ్యి వేసుకుంది. "ముప్పై ఎనిమిదేళ్లకి ఇప్పుడు తీరిందా నా మొహం చూడ్డానికి? నేను పిలిచినప్పుడల్లా 'ఒక్క నిమిషం' అనేవారు కదా! ఎన్ని నిమిషాలైందండీ?"

అలా దులిపేసింది. పది నిమిషాలు తిట్టింది. నాకు అర్థం కాని పాత గొడవలు, ఎవరిదో పెళ్లి, తప్పిపోయిన రైలు, అన్నీ వచ్చాయి. తిట్టి తిట్టి అలసిపోయి, మెట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది.

అప్పుడు మావయ్య నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, మీకు అబద్ధం చెప్పను. ఈ షెడ్డు నేల నీళ్లు పోవడానికి ఏటవాలుగా ఉంటుంది. మా పిల్ల లాకు పూర్తిగా దించలేదు. అందుకే సీటు దానంతటదే తిరిగింది."

నేను వెళ్లి చూశాను. నిజమే. లాకు సగంలోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాకు తెలుసండీ. అయినా అడగాల్సింది అడిగేశాను" అని ఆవిడ ముక్కు చీదుకుంది.

మావయ్య సీటు మళ్లీ రోడ్డు వైపు తిప్పి లాకు వేశాడు. తన సంచిలోంచి కొత్తగా కుట్టిన మెత్త ఒకటి తీసి సీటు మీద వేశాడు. రెండ్రోజులుగా మధ్యాహ్నం భోజనం మానేసి మరీ ఆయన ఏం కుడుతున్నాడో నాకప్పుడు తెలిసింది. "ఇది వేసుకుంటే మీరు సరిగ్గా సార్ అంత ఎత్తవుతారు. ఒక్కసారి కూర్చుని చూడండమ్మా. రోడ్డు కాదు. పైన, ఎడమ మూల."

ఆవిడ లేచి సీటు దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత, నేను కళ్లారా చూశాను, చేతులు కట్టుకుని కాస్త వంగింది. "కూర్చోవచ్చా?" అంది. రెండు ఊపిరులు ఆగి, ఎక్కి కూర్చుంది.

బండి ముందు గాజు మీద, పైన ఎడమ మూల, అరచేతిలో సగం కూడా లేని చిన్న గుండ్రటి అద్దం అతికించి ఉంది. ఆ సీట్లోంచి, ఆ ఎత్తులోంచి చూస్తే అందులో రోడ్డు కనిపించదు. వెనక పొయ్యి కనిపిస్తుంది. పొయ్యి ముందు ఆవిడ నిలబడే చోటు కనిపిస్తుంది. ఇంకేమీ కనిపించదు. డబ్బాలు పడబోతున్నాయని ఆ వీపుకు ఎలా తెలిసేదో నాకప్పుడు అర్థమైంది.

ఆవిడ అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పరిగెత్తాను.

"ఓరి నాయనో!" అని పగలబడి నవ్వుతోంది ఆవిడ. "నేను అటు తిరిగానో లేదో చూసుకుని చాక్లెట్లు తినేవారన్నమాట!"

శుక్రవారం కొనేవాడు వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, "ఒకసారి కూర్చుని చూస్తానండీ" అని తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఖాళీ లేదండీ" అంది ఆవిడ.

అతను ఖాళీ సీటును చూశాడు. వెనక గోడ దగ్గర కవర్లు కప్పుకున్న ముప్పై మందినీ చూశాడు. మావయ్య వాళ్ల వైపు తిరిగి "పర్లేదు, లేవకండి" అన్నాడు. ఆ కొనేవాడు గొడుగు కూడా మర్చిపోయి వెళ్లిపోయాడు.

ఆవిడ మెత్త సర్దుకుని సీట్లోకి ఎక్కింది. తాళం తిప్పగానే గంట మోగింది. "పెట్టుకుంటున్నానండీ, ఆగండి" అని బెల్టు పెట్టుకుని, ఆ చిన్న అద్దంలోకి ఒక చూపు చూసి, బండి నడుపుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మావయ్యను కూర్చోబెట్టి అడిగాను, ఈ అడగడం ఎప్పుడు మొదలైందని.

"పని నేర్చుకున్న కొత్తలో ఒకరింట్లో కుర్చీ బాగుచేయడానికి వెళ్లానే. స్ప్రింగు ఎలా ఉందోనని ధబాలున కూర్చున్నాను. అందులో కూర్చునే మనిషి పోయి వారమైందట. ఆ పోయిన మనిషి తల్లి నాకు మంచినీళ్లు తెస్తోంది. గ్లాసు కింద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ గ్లాసు చప్పుడు ఇంకా వినపడుతుంది." ఆయన మోకాలు రుద్దుకున్నాడు. "కుర్చీకి చెవులుండవే. పక్కన నిలబడ్డవాళ్లకుంటాయి. కుర్చీని అడిగితే వాళ్లు పలుకుతారు. వాళ్లను అడిగితే పలకరు."

ఇన్నేళ్లూ ఈ మనిషినా నేను వెక్కిరించింది అనిపించింది. అయినా నా నోరు ఊరుకోదు కదా.

"మరి పొద్దున్నే షెడ్డులో మనం తప్ప ఎవరూ లేనప్పుడు కూడా గోడ వరసలోని ఆ మూల సీటును అడుగుతావు కదా మావయ్యా? అప్పుడు పక్కన ఎవరుంటారు వినడానికి?"

మావయ్య వెనక గోడ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అది వేరే" అన్నాడు.

నేను దయ్యాలను నమ్మను. ఆ సీటు తిరిగింది నేను లాకు సరిగ్గా వేయకే, నాకు అన్నీ తెలుసు. కాకపోతే ఈమధ్య షెడ్డులో కూర్చునే ముందు ఊరికే ఒక దగ్గు దగ్గుతున్నాను. మొన్న దగ్గితే, మూల సీటు కవరు సర్దుకున్నట్టు చప్పుడైంది. "పర్లేదు, ఉండండి" అనేసి, నుంచునే టీ తాగాను.